మురికి వంక గురించి మా నగర పంచాయతీకి ఒక మోటర్ వైండింగ్ వాడి బహిరంగ లేఖ

చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, అన్ని వార్డుల కౌన్సిలర్లకి నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలుసు. వంక వీధిలో కల్వర్టు పక్కన మోటర్ వైండింగ్ షాపు నాదే. మీలో కనీసం నలుగురి బోరు మోటర్లు నా చేతుల మీదుగా పోయినాయి, ఇద్దరివైతే రెండేసి సార్లు కాలినాయి కూడా. ఇరవై రెండేళ్ళుగా ఊరి మురుగంతా పారే ఆ వంక కంపు పీలుస్తూ పని చేసుకుంటున్నవాణ్ణి, కాబట్టి దాని గురించి నాలుగు మాటలు మాట్లాడితే తప్పు పట్టరనుకుంటున్నా.

పోయిన నెల మీటింగులో మురుగునీటి శుద్ధి ప్లాంటు కడతామని తీర్మానం చేశారని విన్నాను. సంతోషం. వెటకారం కాదు, నిజంగానే సంతోషం. అయితే ఒక కౌన్సిలర్ అన్న మా షాపులో కూర్చుని చెప్పినదాన్ని బట్టి అది గాలి కొట్టే బ్లోవర్లు, పంపులు, వాటంతట అవే తెరుచుకుని మూసుకునే వాల్వులు, కంప్యూటర్ తెర ఉన్న ప్యానెల్ బోర్డు, ఇవన్నీ ఉండే ఎస్‌బీఆర్ ప్లాంటు, అంటే ఒకే తొట్లో మురుగు నింపి, గాలి కొట్టి, తేర్చి వదిలే రకం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. మామూలుగా అయితే ఊరికి ఇన్ని మోటర్లు వస్తున్నాయంటే వైండింగ్ షాపు వాడు ఎగిరి గంతెయ్యాలి. నేనేమో వద్దని రాస్తున్నా. ఎందుకో చెబుతా, కొంచెం ఓపిక పట్టి చదవండి.

నాలుగేళ్ళ కిందట పక్క జిల్లాలో ఒక ఊరి ప్లాంటు నుంచి, పేరు చెప్పను, బ్లోవర్ మోటరు ఒకటి మా షాపుకు వచ్చింది. 15 హెచ్‌పీ. ఊడదీస్తే లోపల వైరంతా నల్లగా మాడిపోయి, వార్నిష్ బెల్లంపాకంలా కారి గడ్డ కట్టి ఉంది. ఒక ఫేజు పోయినా అట్లాగే నడిపితే అయ్యే పని అది. అలా జరక్కుండా ప్యానెల్లో ఒక రిలే ఉంటుంది, అది చెడిపోతే మార్చకుండా డైరెక్ట్ చేసి పడేశారంట. సరే, కొత్తగా చుట్టి పెట్టాను. ఐదు నెలలు ఆ మోటరు మా షాపు మూలలోనే పడి ఉంది, తీసుకుపోయే దిక్కు లేదు. కాంట్రాక్టరేమో నా మెయింటెనెన్స్ గడువు అయిపోయిందంటాడు, ఆఫీసువాళ్ళేమో ఆ పద్దు కింద డబ్బుల్లేవంటారు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు బిల్లు కట్టి, బిగించడానికి కూడా నన్నే రమ్మన్నాడు. పోయి చూస్తే తొట్లో నీళ్ళే లేవు. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది, ఆ నెర్రెల్లోంచి తుమ్మమొక్క ఒకటి నా నడుమెత్తు లేచింది. కంట్రోల్ రూములో ఫ్యాను కింద వాచ్‌మన్ మిరపకాయలు ఆరబోసుకున్నాడు. మరి ఊరి మురుగు యాడికి పోతోందప్పా అని అడిగితే పక్కనున్న బైపాస్ గేటు చూపించాడు. ఎత్తేసి ఉంది. నేరుగా ఏట్లోకే.

అది ఒక్క ఊరి కథ అనుకోకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతోంది. దాన్ని శుద్ధి చెయ్యడానికి కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధయి బయటికొస్తున్నది 20,236. మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య తేడా అంటే ఇంకా కట్టనివి, అది అర్థమవుతుంది. రెండో అంకెకూ మూడో అంకెకూ మధ్య పదకొండు వేల చిల్లర ఉంది చూశారా, అది డబ్బు పోసి కట్టి కూడా నడిపీ నడపక వదిలేసింది. నా భయమంతా మనం ఆ పదకొండు వేలలో పోయి కలుస్తామనే.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఊరి జనం ముప్పై వేలు అనుకోండి. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు, లేని ఊళ్ళలో 70 లీటర్లు ఇవ్వాలని కేంద్రం మాన్యువల్ చెబుతుంది. రోజు మార్చి రోజు వదిలే కుళాయి, ఇళ్ళల్లో బోర్లు కలుపుకుంటే మనం ఆ 70 దగ్గరే ఆగుతాం. అంటే 21 లక్షల లీటర్లు. వాడిన నీళ్ళలో 80 శాతం మురుగై తిరిగొస్తుందని ఇంజినీర్లు కట్టే లెక్క. కాబట్టి వంకలోకి రోజూ దాదాపు 17 లక్షల లీటర్లు. అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అది కూడా పడితే. చుట్టూ ఉన్న వాగులు ఏడాదికి పది పదిహేను రోజులు పారితే గొప్ప. మన ఊరికి 365 రోజులూ పారే ఏరంటూ ఉంటే అది ఈ మురికి వంకే, దాన్ని మనం ముక్కు మూసుకుని దాటుతున్నాం. శ్రీశైలం జలాశయం ఒడ్డున మాల్యాల నుంచి జీడిపల్లి దాకా 200 కిలోమీటర్లకు పైగా, మెట్టుమెట్టుకూ పంపులు పెట్టి హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు ఎత్తిపోసుకుంటున్న జిల్లా మనది. చేతికొచ్చిన నీళ్ళతో ఒక్కసారి గిన్నెలు తోమి వంకలో పారబోసుకునే స్థితిలో ఉన్నామా మనం?

శుద్ధి అంటే ఏదో మందు వేసి కడగడం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా పక్క టీకొట్టాయన ఇప్పటికీ రెండు మూటల బ్లీచింగ్ పౌడర్ వేస్తే సరిపోయేదానికి కోట్లెందుకంటాడు. మురికిని తినేది మన కంటికి కనపడని సూక్ష్మజీవులు. తినడానికి వాటికి ప్రాణవాయువు కావాలి. ఎంత కావాలో కొలిచేదే బీఓడీ, మన దేశంలో 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచి చూస్తారు. ఇళ్ళ మురుగులో అది లీటరుకు 200, 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. 2017 అక్టోబరులో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మనలాంటి ఊళ్ళలో ప్లాంటు నుంచి వదిలే నీళ్ళలో 30 దాటకూడదు. ఎస్‌బీఆర్ తొట్లో ఆ గాలిని బ్లోవరు కొడుతుంది. సరిగ్గా నడిస్తే నీళ్ళు తేటగా వస్తాయి, ఆ మాట ఒప్పుకుంటా. స్థలం కూడా చాలా తక్కువ పడుతుంది, ఎకరా కోట్లు పలికే బెంగళూరులో అయితే ఇంకో దారి కూడా లేదు. కానీ పది లక్షల లీటర్లకు 150 నుంచి 200 యూనిట్ల దాకా కరెంటు తింటుంది. మన 17 లక్షల లీటర్లకు రోజుకు 300 యూనిట్లు, యూనిట్‌కు 7 రూపాయలు వేసుకున్నా నెలకు 60 వేల పైమాటే. అంతేనా, వీధిదీపాలకు కట్టట్లేదా అంటారు. కరెంటు బిల్లు ఒక్కటే అయితే నేనూ నోరు మూసుకునేవాణ్ణి. మూడు షిఫ్టులకు తెలిసిన ఆపరేటర్లు, జనరేటరుకు డీజిలు, ఏడాదికోసారి బ్లోవరు రిపేరు, ప్యానెల్లో కార్డు పోతే చెన్నై నుంచో పుణే నుంచో ఇంజినీరు రావాలి. గాలి ఒక పూట ఆగితే తొట్టి కంపెక్కుతుంది, రోజుల తరబడి ఆగితే ఆ జీవులు చచ్చిపోయి, మళ్ళీ పెంచుకునేసరికి వారాలు పడుతుంది. మన ఫీడరు ఎండాకాలంలో రోజుకు ఎన్నిసార్లు ట్రిప్ అవుతుందో నన్నడగండి, దాని మీదే కదా నా బతుకు.

ఇంతకీ దారేంటంటే, ఒక చిన్న ముచ్చట చెప్పాలి. పోయిన ఏప్రిల్లో కల్వర్టు కింద నుంచి రెండు బకెట్ల వంక నీళ్ళు తోడాను. ఒక బకెట్టు పాత పెయింటు డబ్బాలో పోసి, మూత బిగించి షాపులో బల్ల కింద పెట్టా. రెండోది వెడల్పాటి సత్తు బేసిన్లో పోసి మిద్దె మీద ఎండలో పెట్టా. మా ఆమె "వడియాలు పెట్టుకునే మిద్దె మీద మురుక్కాలవ నీళ్ళు పెడతావా" అని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు డబ్బా మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్ల వాసన, నీళ్ళు కాటుక కలిపినట్టు నల్లగా ఉన్నాయి, షాపుకొచ్చిన కస్టమర్ వెనక్కి పోయాడు. మిద్దె మీది బేసిన్లో అడుగున బూడిదరంగు మడ్డి దిగింది, పైన నీళ్ళకు వారానికల్లా లేత పచ్చరంగు వచ్చింది. మధ్యాహ్నం వంగి చూస్తే ఆ పచ్చటి నాచులోంచి ఆవగింజంత బుడగలు పైకి లేస్తున్నాయి. పదో రోజుకు మురుగు వాసన పోయింది, చెరువు గట్టున ఉండే వాసన మిగిలింది. ఆ బుడగలే ప్రాణవాయువు. బ్లోవరు చేసే పని నాచు చేసింది, కరెంటు లేకుండా. ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి, పది రోజులకు బేసిన్లో నీళ్ళు సగమే మిగిలాయి. ఆ సంగతికి మళ్ళీ వస్తా.

దీన్నే పెద్ద ఎత్తున చేస్తే స్థిరీకరణ కుంటలు అంటారు. ఇదేం కొత్త విద్య కాదు, ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. మొదటిది లోతు కుంట, మూడు నాలుగు మీటర్లు, గాలి లేకుండా అడుగున మడ్డి కుళ్ళి సగం మురికి అక్కడే తగ్గుతుంది. రెండోది మీటరున్నర లోతు, వెడల్పుది, పైన నాచు, కింద బ్యాక్టీరియా, నా బేసిన్ లాంటిది. మూడోది ఒక మీటరే, అక్కడ ఎండ నేరుగా నీళ్ళలోకి దిగి రోగాలు తెచ్చే క్రిముల్ని చంపుతుంది. మొత్తం పది పన్నెండు రోజులు నీళ్ళు వీటిలో నిదానంగా నడుస్తాయి, పల్లం చూసి కడితే పంపు కూడా అక్కర్లేదు. మన 17 లక్షల లీటర్లకు నా లెక్కలో అటూ ఇటూ ఐదెకరాలు, గట్లూ దారీ కలుపుకుంటే ఆరో ఏడో. చలిదేశాల్లో దీనికి చాలా ఎక్కువ స్థలం కావాలి. మనకు ఎండ ఎంత ఉందో మీకు నేను చెప్పాలా. వానలివ్వని దేవుడు అదొక్కటి మాత్రం ధారాళంగా ఇచ్చాడు.

కుంటల మీద మీరు అడగబోయేవి నాకూ తెలుసు. ఆవిరి సంగతి ముందు. నడి ఎండాకాలంలో రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైపోయినా ఐదెకరాల మీద రెండు లక్షల లీటర్లు గాల్లో కలుస్తాయి. 17లో రెండు. బాధగానే ఉంటుంది, కానీ మోటరు కాలి మూలపడిన ప్లాంటులో 17కు 17 పోతాయి. దోమలంటారా, గట్ల పక్కన గడ్డి పెరగనిస్తే తప్పకుండా వస్తాయి, నెలనెలా కొయ్యాల్సిందే. లోతు కుంటలో మడ్డి కొన్నేళ్ళకోసారి తియ్యాలి. ఆ కుంట దగ్గర వాసన కూడా ఉంటుంది కాబట్టి ఇళ్ళకు అర కిలోమీటరైనా దూరం ఉండాలి. ఇంకొక మాట: స్థలం ఊరికే వస్తుందని వంక పోరంబోకులో మాత్రం కట్టొద్దు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లో ఇళ్ళు మునిగింది మనమందరం చూశాం. వంక తన దారి మర్చిపోదు.

ఇక అసలు మనుషుల దగ్గరికొస్తా. మీ ప్లాన్లో వీళ్ళు ఉన్నారో లేదో నాకు అనుమానం. కల్వర్టు దాటి కిలోమీటరు పోతే వంకకు రెండు పక్కలా ఆకుకూరల మళ్ళు, గడ్డి మళ్ళు. సంతలో మనం కొనే తోటకూర, చుక్కకూర, కొత్తిమీర కట్టల్లో కొన్ని అక్కడివే. ఒక పెద్దాయన ఉన్నాడు, అర ఎకరం కౌలు, ఐదు హెచ్‌పీ ఇంజన్ పెట్టి వంక నీళ్ళు తోడుకుంటాడు. పొద్దున్నే మడిలోకి దిగే ముందు మోకాళ్ళ దాకా ఆముదం పట్టిస్తాడు, లేకపోతే దురదతో రాత్రి నిద్ర ఉండదంట. ప్లాంటు వస్తోంది తాతా, మంచి నీళ్ళొస్తాయి నీకు అంటే ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నా. "శుద్ధి చేసినంక ఆ నీళ్ళు మాకిస్తారా, ఏ ఫ్యాక్టరీకో పైపేసి పంపిస్తారా? ముందు అది చెప్పప్పా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే ఆయనకు ముందే రాసివ్వండి. 15 లక్షల లీటర్ల నీళ్ళు ఆరుతడి పంటలకైతే యాభై అరవై ఎకరాలకు సరిపోతాయి, అది చిన్న విషయం కాదు.

ఆ మళ్ళ సంగతిలోనే ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. మురుగు నీళ్ళతో పండించే ఆకుకూరల్లో పెద్ద ప్రమాదం నులిపురుగుల గుడ్లు. అవి మొండివి, మామూలు మందులకు తొందరగా చావవు, కానీ బరువెక్కువ, నీళ్ళు కదలకుండా ఉంటే అడుగుకు దిగిపోతాయి. సాగుకు వాడే నీళ్ళలో లీటరుకు ఒకటి మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పది రోజులు నీళ్ళను నిలబెట్టే కుంటల్లో ఈ పని దానంతటదే అయిపోతుంది, కొన్ని గంటల్లో నీళ్ళు బయటికి తోసేసే తొట్లలో అంత బాగా కాదు. బడిలో ఏటా పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నాం కదా, ఆ పురుగుల గురించే నేను చెప్పేది.

మీరు ఎక్కడికైనా పోయి చూసి రావాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. బెంగళూరు ఎయిర్‌పోర్టు దగ్గర దేవనహళ్ళిలో, మన హైవే మీదే, సెప్టిక్ ట్యాంకుల మడ్డిని శుద్ధి చేసే చిన్న ప్లాంటు 2015 నుంచి ఉంది, పల్లం మీద నడుస్తుంది, ఎండిన మడ్డి ఎరువవుతుంది. అటునుంచి అటే కోలారు పోతే బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటిని 2018 నుంచి అక్కడి చెరువులకు పంపుతున్న తీరు కూడా చూడొచ్చు. అక్కడ నీళ్ళు చాలినంత శుభ్రంగా లేవని, ఇంకో దశ శుద్ధి చెయ్యాల్సిందని గొడవ కూడా ఉంది, ఆ గొడవ పెట్టినవాళ్ళతో కూడా మాట్లాడి రండి. ఉగ్గాని బజ్జీ తిని పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు.

బజ్జీ అంటే గుర్తొచ్చింది. మన హోటళ్ళు వాడేసిన నూనె నేరుగా కాలువలో పోస్తున్నాయి, అది గడ్డకట్టి కవర్లను పట్టుకుని నెలకోసారి మా కల్వర్టు మూసుకుంటుంది. కుంటైనా ఎస్‌బీఆర్ అయినా ముందు ఇనుప జాలి ఒకటి ఉండాలి, దాంట్లో చిక్కిన గుట్కా కవర్లు, డైపర్లు, ప్యాడ్లు రోజూ పొద్దున ఎవరో ఒకరు లాగాలి. మొత్తం ప్లాంటులో అతి ముఖ్యమైన ఉద్యోగం అదే, జీతం మాత్రం దానికే అందరికంటే తక్కువ పెడతారు. ఆ మనిషికి పొడుగు పళ్ళ గొర్రు, చేతికి గ్లవుజులు, నెలనెలా జీతం, ఈ మూడూ టెండరులో పేరు పెట్టి రాయండి. సెప్టిక్ గుంతలోకి, మ్యాన్‌హోల్లోకి రక్షణ సామాను ఇవ్వకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షలు కట్టాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర ఇప్పటికీ బంధువుల ఇంట్లో పెళ్ళికి ముందు గుంత తోడించాలని మనిషిని వెతుకుతున్నవాళ్ళు ఉన్నారు, నా కళ్ళారా చూశా.

గోడల మీద ఫోన్ నంబరు రాసుకుని తిరిగే సెప్టిక్ ట్యాంకర్లు ఎక్కడ ఖాళీ చేస్తున్నాయో మీకందరికీ తెలుసు. రాత్రి పదకొండు దాటాక మా కల్వర్టు మీద లారీ ఆగుతుంది, పైపు కిందికి దిగుతుంది, ఐదు నిమిషాల్లో పోతుంది. వాళ్ళను పట్టుకుని ఫైన్ వెయ్యమని అడగను, ఎందుకంటే ఇంకెక్కడ పోసుకోవాలో మనం వాళ్ళకు చూపించలేదు. కుంటల పక్కన మడ్డి ఆరబెట్టే మళ్ళు నాలుగు కట్టించి, అక్కడ పోసినవాడికి రశీదు ఇవ్వండి, రశీదు చూపించినవాడికే మరుసటి ఏడాది లైసెన్సు ఇవ్వండి. ఇది కుంటలకంటే ముందే, ఈ ఎండాకాలంలోనే మొదలు పెట్టొచ్చు.

డబ్బు గురించి ఒక్క మాట. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో విడతలో లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల మురుగునీటి పనులకు విడిగా పద్దు పెట్టారు. ఆ డబ్బు మంజూరు కావాలంటే ఎస్‌బీఆరే ఉండాలని ఎవరైనా చెబితే ఆ కాగితం చూపించమనండి. తొందర ఎందుకో నాకు అర్థమవుతుంది, 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్థానిక సంస్థలకు మూడేళ్ళ గడువు పెట్టింది, ఆ మూడేళ్ళు ఎప్పుడో దాటిపోయినాయి, పైనుంచి ఒత్తిడి ఉంటుంది. రెడీమేడ్‌గా ఉన్న డిజైనుకు సంతకం పెట్టడం తేలిక. కానీ సంతకం పెట్టే ముందు ఆ కంపెనీ వాళ్ళను ఒకటే అడగండి: ఐదేళ్ళ మెయింటెనెన్స్ అయిపోయాక ఆరో ఏడాది బ్లోవరు కాలితే ఎవరు చుట్టిస్తారు, ఏ పద్దు కింద? జవాబును మినిట్స్ బుక్కులో రాయించండి. ఏ ప్లాంటు కట్టినా నెలకోసారి నీళ్ళు ల్యాబుకు పంపి ఆ బీఓడీ అంకెను ఆఫీసు బయట నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయించండి, నా కోరిక అంతే. 30కి లోపల ఉందా, పైన ఉందా, టీ తాగుతూ మేమే చూసుకుంటాం.

బేసిన్ ఇంకా మిద్దె మీదే ఉంది, ఇప్పుడు అందులో తోకపురుగులు కూడా తిరుగుతున్నాయి. చూడాలనుకుంటే ఎవరైనా రావచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అయితే మంచిది, ఆ టైములో కరెంటు ఉండదు, షాపులో నేను ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
వంక వీధి, కల్వర్టు పక్కన వైండింగ్ షాపు వాడు